చిన్నక్క అడుగు మట్టి

అనుమానం నా ఉద్యోగంలో సగం. పదహారేళ్లుగా ఈ ఇంజనీరింగ్ కాలేజీ వర్క్‌షాపు స్టోరు తాళంచెవి నా నడుముకే వేలాడుతోంది. స్క్రూడ్రైవర్ తీసుకెళ్లినవాడు మళ్లీ అదే స్క్రూడ్రైవర్ తెచ్చిస్తాడంటే నేను నమ్మను. నవ్వు మొహం పెట్టుకుని "సవరమ్మ మేడం, బాగున్నరా?" అని పలకరించేవాణ్ని అసలే నమ్మను. "నువ్వు ఆదివారం చర్చిల పూజకొచ్చి గూడ పక్కనోళ్ల చెప్పులు ఎవరన్నా ఎత్తుకపోతరేమోనని చూస్తవ్" అంటాడు మా ఆయన ఆంథోని. చూస్తాను మరి. గుడి బయట చెప్పులు పోవడం నాకు తెలియనిదా?

అలాంటి నేను, ఒకే ఒక్క మనిషి చేతిలో ఆ తాళంచెవి పెట్టి నిశ్చింతగా ఉండేదాన్ని. ఆమె మా స్వీపర్ చిన్నక్క. ఆ ఒక్క మనిషినే దొంగ అని మా హెడ్డు సార్ చెవిన వేసిందీ నేనే. అందుకని ఈ సంగతి నేనే చెప్పాలి, ఇంకొకరు చెబితే నా వైపు కొంచెం దయగా చెబుతారేమో.

మా కాలేజీ సత్తుపల్లి నుంచి అశ్వారావుపేట పోయే రోడ్డు మీద ఉంది. ముందు వైపు పామాయిల్ తోటలు, వెనక వైపు అడవి. మధ్యలో ఒక వాగు. చిన్నక్కది ఆ అడవి లోపల, రెండు బస్సులు మారి ఇంకా నడవాల్సిన గూడెం. పదకొండేళ్ల కిందట తల్లిని వెంటబెట్టుకుని పనికోసం వచ్చింది. పంపుహౌసు వెనక ఉన్న చిన్న గది ఇచ్చారు. తల్లి ఆ గదిలోనే పోయింది. చిన్నక్క ఆ గదిలోనే ఉండిపోయింది.

మనిషి సన్నగా, నిటారుగా ఉంటుంది. వయసు నలభై దాటి ఉంటుంది, ఆమెకే సరిగా తెలియదు. చెప్పులు వేసుకోదు. ఒకసారి ఎవరో పెద్దవాళ్లు తనిఖీకి వస్తున్నారని స్వీపర్లందరికీ చెప్పులు కొనిచ్చారు. చిన్నక్క వాటిని కిటికీలో పెట్టి, దేవుడి పటం తుడిచినట్టు వారానికోసారి తుడిచేది. "ఎందుకు వేసుకోవు?" అని అడిగితే, "ఏసుకుంటే నేలెక్కడున్నదో తెలుస్తలేదక్కా" అంది.

ఆమెవి రెండు అలవాట్లు నాకు మొదటినుంచీ వింతగా ఉండేవి. ఒకటి, కొత్త పంట తినే కొత్తల పండగ వచ్చినా, చుట్టాలు చచ్చినా గూడెం పోదు. ఎందుకని ఎన్నిసార్లు ఆరా తీశానో! "ఆడ మాకెవరున్నరక్కా" అని మాట తప్పించేది. రెండోది, ఊడ్చే పద్ధతి. ఎవరైనా ముందుకు నడుస్తూ ఊడుస్తారు. చిన్నక్క వెనక్కి నడుస్తూ ఊడుస్తుంది. గది ఆ మూల నుంచి మొదలుపెట్టి గుమ్మం దాకా వెనక్కి వచ్చి, గుమ్మం బయట నిలబడి చివరి దెబ్బ కొడుతుంది. లోపల ఆమె అడుగు ఒక్కటి కూడా మిగలదు. మట్టి మైదానంలో నడిచినా అంతే, చేతిలో చీపురుంటే వెనక్కి తిరిగి ఒక్క గీటు గీసి పోయేది. ఎంత శుభ్రమైన మనిషి అని మేమంతా మెచ్చుకునేవాళ్లం. ఆ శుభ్రం చూసే నేను ఆమెను నమ్మాను. పొద్దున ఏడింటికి ఆమె స్టోరు తెరిచి ఊడ్చేది, నేను తొమ్మిదింటికి తీరిగ్గా వచ్చేదాన్ని.

ఇక పిల్లల సంగతి. మొన్న దసరా సెలవులయ్యాక ఫైనలియర్ మెకానికల్ వాళ్లు ఇద్దరు స్టోరుకొచ్చారు. ఒకమ్మాయి మహిమ, మధిర పిల్ల. వాళ్ల నాన్న రైల్వేలో గ్యాంగ్‌మన్. ఇంకొకడు సుకుమార్, వాళ్ల నాన్న సత్తుపల్లి ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో డంపర్ డ్రైవర్. పద్దెనిమిది మోటార్లు కావాలన్నారు.

"పద్దెనిమిదా? ఏంది, దుకాణం పెడతరా?"

"చంద్రుడి మీద మట్టి తవ్వే రోబో చేస్తున్నం మేడం" అన్నాడు సుకుమార్.

"ఈడ బొగ్గు తవ్వింది సాలలేదా? ఆడ గూడ మొదలు పెట్టిన్రా?"

మహిమ నవ్వి ఓపిగ్గా చెప్పింది. చంద్రుడి మట్టిలో ఆక్సిజన్ ఉంటుందట. రేపు మనుషులు అక్కడ ఉండాలంటే, గాలి ఇక్కణ్నుంచి మోసుకుపోలేరు కాబట్టి అక్కడి మట్టే తవ్వి అందులోంచి తీసుకోవాలట. ఆ మట్టి పిండిలా ఉంటుంది, చక్రాల బండి దిగబడుతుంది, అందుకని కాళ్లున్న యంత్రం. ఆరు కాళ్లు, కాలికి మూడు మోటార్లు. బెంగుళూరులో కాలేజీల పోటీ ఉంది. డిసెంబరు ఆఖరులోగా వీడియో, రిపోర్టు పంపాలి. నేను అన్నీ విని, మోటార్లు పాతవే ఇచ్చాను. వాళ్లు పోయాక సుకుమార్ జేబులు ఎత్తుగా ఉన్నాయా అని కిటికీలోంచి చూశాను కూడా.

వర్క్‌షాపు వెనక రేకుల షెడ్డులో మోకాలెత్తు ఇటుక గోడ కట్టి, అందులో థర్మల్ ప్లాంటు బూడిద, క్రషర్ డస్టు కలిపి నింపారు. అదే వాళ్ల చంద్రుడు. యంత్రం మేకపిల్లంత ఉంది. ముందు ఒక ఇనుప చేట. ఒక అడుగు వేయడం, చేటతో తవ్వడం, మళ్లీ అడుగు వేయడం, తను తవ్విన గుంతలో తనే ముక్కు గుచ్చుకుని పడడం. నెల రోజులు ఇదే తంతు. చూసి చూసి నాకే విసుగొచ్చింది.

ఒకరోజు షెడ్డు ఊడుస్తున్న చిన్నక్క కిసుక్కున నవ్వింది.

"నవ్వుతవేంది చిన్నక్కా?" అంది మహిమ, ఏడుపు మొహంతో.

"తవ్విన కాడికే కాలు పెడితే పడదా అమ్మా? నాట్లేసేటోళ్లు ముందుకు నడుస్తరా? ఏసుకుంట ఎనక్కే గద వచ్చేది. దీన్ని గూడ ఎనక్కి నడిపియ్యరాదూ?"

మహిమ ఏడుపు మాని లాప్‌టాప్ తెరిచింది. రెండు రోజుల్లో యంత్రం వెనక్కి నడుస్తూ తవ్వడం మొదలుపెట్టింది. గుంతలో పడడం పోయింది. కానీ కాలు బూడిదలో ఇరుక్కుంటే పైకి లాగలేక మోటార్లు మూలిగేవి. అప్పుడు పిల్లలు చిన్నక్కనే గోడ దాటి బూడిదలోకి దిగమన్నారు. నాట్లు వేసినట్టు వంగి వెనక్కి నడవమన్నారు. నడిచింది. ఆశ్చర్యం, మేమైతే చీలమండ దాకా దిగబడే చోట ఆమె పాదం రెండు వేళ్ల లోతు కూడా దిగలేదు. ముందు పాదం అంచు ఆనించేది, వేళ్లు విప్పేది, ఎత్తే ముందు మడమ కొంచెం తిప్పేది. అంతే, మట్టి వదిలేసేది.

మహిమ బోర్లా పడుకుని ఫోన్‌తో ఆమె కాళ్లే వీడియో తీస్తోంది.

"మొకం ఒద్దా?" అని నవ్వింది చిన్నక్క.

"ఒద్దు చిన్నక్కా, కాళ్లే కావాలె."

గోడ దిగాక చిన్నక్క చీపురు అందుకుంది, అలవాటు ప్రకారం తన అడుగులు చెరిపేయడానికి. మహిమ గబుక్కున ఆ చెయ్యి పట్టుకుంది. "అయ్యో ఒద్దు! ఆ అడుగులే మాకు కావాలె." అడుగు కింద మట్టి ఎంత గట్టిపడిందో తూచాలట. ఆ మాట మహిమ సుకుమార్‌తో ఇంగ్లిషులో అంది, చిన్నక్కకు చెప్పాలని ఎవరికీ తోచలేదు. ఒక్కొక్క అడుగులో చిన్న పైపు ముక్క గుచ్చి, మట్టి తీసి, చిన్న చిన్న జిప్ కవర్లలో పోశారు. మార్కరుతో పైన రాశారు: చిన్నక్క – ఎడమ – 1. చిన్నక్క – కుడి – 1. మొత్తం పన్నెండు కవర్లు.

చిన్నక్కకు చదువు రాదు. తన పేరు మాత్రం వచ్చు, హాజరు పుస్తకంలో సంతకం కోసం నేనే దిద్దించాను. ఆ కవర్ల మీద తన పేరు చూసుకోగానే ఆమె మొహంలో రక్తం లేకుండా పోయింది. నేను చూశాను. చూసి ఏమనుకున్నానో తెలుసా? "ఊరికే నడిపించుకున్నారు, తనకేం ఇవ్వలేదని ఉడుక్కుంటోంది" అనుకున్నాను. నా బుద్ధి అలాంటిది.

సివిల్ ల్యాబులో సన్నపు తూకం మిషన్ రిపేరుకు పోయింది, సోమవారం దాకా రాదు. అంతవరకు కవర్లు నా స్టోరు బీరువాలో పెట్టారు. ఆ బీరువాకు తాళం లేదు, స్టోరు తాళమే దాని తాళం.

బుధవారం చూస్తే నాలుగు కవర్లు లేవు. నా ఒళ్లు మండిపోయింది. మొదట సుకుమార్‌ను పట్టుకున్నాను, ముందురోజు తాళంచెవి అడిగింది వాడే. "మా మట్టి నేనే దొంగతనం చేసుకుంటనా మేడం?" అన్నాడు. నిజమే కానీ ఒప్పుకోవడానికి మనసు రాలేదు. తర్వాత ఎలక్ట్రానిక్స్ వాళ్ల మీద అనుమానం పడింది. వాళ్ల ప్రాజెక్టును ఆ పోటీకి తీసుకోలేదు, కుళ్లు ఉంటుంది. కారిడార్‌లో ఎవరు గుసగుసలాడినా చెవి అటే వేశాను. గురువారం ఇంకో రెండు పోయాయి. చిన్నక్క మాత్రం నా కళ్లలోకి చూడకుండా బకెట్ పట్టుకుని పోతోంది. అప్పుడు కూడా ఆమె మీదికి నా అనుమానం పోలేదు.

ఆ సాయంత్రం తాళం వేసే ముందు బీరువా నుంచి గుమ్మం దాకా నేల మీద గుప్పెడు బూడిద పలచగా చల్లాను. రేపు నేనొచ్చేదాకా స్టోరు ఊడవొద్దని చిన్నక్కకు చెప్పాను. ఎవడొచ్చినా అడుగు పడుతుంది, చెప్పు గుర్తు పట్టుకుని కాలేజీ అంతా వెతుకుతాను. పోలీసునే కావలసినదాన్నని నా మీద నాకే గర్వం కలిగింది.

పొద్దున వచ్చి చూస్తే మిగిలిన ఆరు కవర్లూ లేవు. నేల మీద బూడిదా లేదు, అడుగూ లేదు. బీరువా దగ్గర మొదలై గుమ్మం దాకా వచ్చిన చీపురు గీతలు మాత్రం ఉన్నాయి. వెనక్కి ఊడ్చిన గీతలు. అలా ఊడ్చే మనిషి ఈ కాలేజీలో ఒక్కతే.

నాకు తల కొట్టేసినట్టయింది. పదకొండేళ్లు నమ్మాను! నా తాళంచెవితోనే నన్ను వెధవను చేసింది! ఆ కోపంతో సరాసరి మా హెడ్డు ఆదినారాయణ సార్ గదికి పోయాను. చెప్పాల్సింది చెప్పాను, చెప్పకూడనిది కూడా చెప్పాను, ఎవరో కొనేసి ఉంటారని, ఇలాంటి నంగనాచుల్ని నమ్మకూడదని.

సార్ ఆమెను పిలిపించారు. "నువ్వే తీసినవా?"

"అవ్ సార్. నేనే తీసిన. వాగుల కలిపిన."

"ఎందుకు? ఎవరు తియ్యమన్నరు?"

చిన్నక్క తల వంచుకుని తన పాదాలకేసి చూస్తూ ఉంది. సార్ నాలుగుసార్లు అడిగారు. తప్పు లేనివాళ్లయితే నోరు విప్పరా అని నేను లోపల్లోపల పళ్లు నూరుతున్నాను. సార్‌కూ ఓపిక అయిపోయింది. స్వీపర్లను పంపే ఏజెన్సీ వాళ్లకు ఫోన్ చేశారు. "రేపట్నుంచి ఈమె మాకొద్దు. రూము గూడ ఖాళీ చేయించండి."

అప్పుడు తలెత్తింది. "రూము గూడనా సార్?"

"రూము గూడ."

బయటికి పోయింది. మైదానంలో అడ్డంగా నడిచి పోతుంటే గుమ్మంలోంచి చూశాను. చేతిలో చీపురు లేదు. అయినా ప్రతి అడుగుకూ ఆగి, వెనక్కి తిరిగి, పాదంతో ఆ గుర్తును రాసి చెరిపి, మళ్లీ నడుస్తోంది. పని పోయిన మనిషి నేల శుభ్రం చూసుకుంటుందా?

సంగతి తెలిసి మహిమ పరిగెత్తుకొచ్చింది. "ఏం చేసిన్రు మేడం?"

"దొంగను పట్టిన."

"మట్టి పోతే మళ్లా తీస్కుంటం గదా! ఆమె పోతే ఎవర్ని తీస్కుంటం? ఆమె లెక్క నడిచేటోళ్లు ఇంకెవరున్నరు?"

పిల్లలిద్దరూ పంపుహౌసు వైపు పరిగెత్తారు. నేనూ వెనకే పోయాను. నిజం చెప్పాలంటే జాలితో కాదు, ఇంకేమేం ఎత్తుకుపోతోందో మూట చూద్దామని.

మూటలో రెండు చీరలు, ఒక గిన్నె, తల్లి దువ్వెన, వేసుకోని చెప్పుల జత ఉన్నాయి. అంతే.

మహిమ ఆమె పక్కన కూలబడింది. "ఎందుకు తీసినవ్ చిన్నక్కా? మాకు చెప్తే ఇయ్యకపోదుమా?"

చిన్నక్క చెప్పుల జత మూటలో సర్దుతూ నోరు విప్పింది. నా వైపు చూడలేదు, మహిమతోనే చెప్పింది.

"మా అయ్య కూలికి పోయి తిరిగి రాలే. పోయేనాడు గడప బయట ఆయన అడుగు పడ్డది. మా అమ్మ ఆ అడుగు మట్టి తీసి గుడ్డల మూటగట్టి దాసుకున్నది. ఏండ్లకేండ్లు గట్లనే ఉన్నది. నాకు పెండ్లీడు దాటినంక, గూడెంల ఒక పిలగాడు జరమొచ్చి చచ్చిపోయిండు. ఎవరు చేసిన్రని ఇల్లిల్లూ వెతికిన్రు. మా ఇంట్ల మూట దొరికింది. ఎవరి అడుగు మట్టే ఇది, ఎవరికి చేస్తానికి దాసినవే అని అడిగిన్రు. నా మొగునిదని అమ్మ మొత్తుకున్నది. నమ్మలే. పట్టపగలు ఇద్దర్నీ ఊరి బయటిదాక తరిమి కొట్టిన్రు. ఊళ్లు పట్టుకుని తిరిగి తిరిగి ఈడికొచ్చినం. 'నీ అడుగు ఎవరి చేతుల పడనియ్యకు బిడ్డా, ఎవరడిగినా ఆ మాట నోటికి తేకు, తెచ్చినోళ్లకే అంటుకుంటది' అని చెప్పి అమ్మ సచ్చింది." మహిమ మొహంలోకి చూసింది. "ఆ మూట మీద పేరన్న లేకుండె. మీరు పేరు గూడ రాసిన్రు."

మరియమ్మ తల్లీ! అడుగు మట్టి తీసి చేతబడి చేస్తారన్న మాట నేనూ విన్నదే. పదకొండేళ్లుగా ఆమె ఊడుస్తోంది నేలను కాదు.

మహిమ ఏడ్చేసింది. తూకం సంగతి, గట్టిపడడం సంగతి, అన్నీ తెలుగులో మొదటినుంచీ చెప్పింది. ఫోన్‌లో యంత్రం కాలు చూపించింది, చిన్నక్క మడమ తిప్పినట్టే అది తిప్పుతోంది. చిన్నక్క శ్రద్ధగా చూసింది.

"నువ్వు చెప్పేది నిజమే గావచ్చమ్మా. మా అమ్మ ఆనాడు చెప్పింది గూడ నిజమే. ఎవరు నమ్మిన్రు?"

మూట పక్కకు జరిపి ఆమే అంది. "నా అడుగు మట్టి మీ దగ్గరుండాలంటే, మీ అందరి అడుగు మట్టి నా దగ్గరుండాలె. పేర్లు రాసి. అట్లయితే నడుస్త."

సుకుమార్ అప్పటికప్పుడు చెప్పులు విప్పాడు. మహిమ పోయి సార్‌తో ఏం చెప్పిందో, ఎలా చెప్పిందో తెలియదు. ఆయన చిరాకు పడుతూనే షెడ్డుకొచ్చారు. ముందు ఏజెన్సీకి ఫోన్ చేసి "ఆమెను మార్చొద్దు, రూము గూడ అట్లనే ఉండనీ" అన్నారు. ఆ తర్వాత బూట్లు, సాక్సులు విప్పి, ప్యాంటు మడిచి, తెల్లటి పాదాలతో బూడిదలోకి దిగారు. ఇంకెప్పుడైనా అయితే పిల్లలు పడీపడీ నవ్వేవాళ్లు. పైపు గుచ్చారు, కవర్లో పోశారు, పేరు రాశారు. మహిమది, సుకుమార్‌ది, సార్‌ది. మూడూ చిన్నక్క కొంగులోకి పోయాయి.

"అక్కా, నువ్వు గూడ" అంది నాతో.

నేను నవ్వాను. "మేం గివన్ని నమ్మం చిన్నక్కా. దేవుణ్ని తప్ప దేన్నీ నమ్మం."

"నమ్మకుంటే భయమెందుకక్కా?"

అందరూ నావైపే చూస్తున్నారు. చెప్పులు విప్పి దిగాను. చీలమండ దాకా దిగబడ్డాను. బూడిద చల్లగా వేళ్ల సందుల్లోకి దూరింది. మహిమ పైపు గుచ్చుతుంటే నా కాలి వేళ్లు వాటంతటవే ముడుచుకుపోయాయి. కవరు మీద "సవరమ్మ – కుడి" అని రాస్తుంటే, చెప్పుకోవడానికి సిగ్గు, నా చెయ్యి మెడలోని శిలువ మీదికి పోయింది. పొద్దున నేను దొంగను చేసిన మనిషి. గది లేకుండా చేయబోయిన మనిషి. నా పేరు రాసిన నా అడుగు మట్టి ఆమె చేతిలో. ఏం చేస్తుంది దీన్ని? ఎక్కడ పెడుతుంది? ఎవరికి చూపిస్తుంది?

కవరు చాచాను. ఆమె పట్టుకుంది. నేను వదల్లేదు. ఒకటి, రెండు క్షణాలు ఇద్దరం ఆ కవరును పట్టుకుని అలాగే నిలబడ్డాం.

చిన్నక్కే మెల్లగా కవరు లాక్కుంది. జిప్ తెరిచి, నేను నిలబడిన చోటే ఆ బూడిద పోసేసి, నా అడుగును అరచేత్తో చదును చేసింది.

"నీది నాకొద్దులే అక్కా. గిట్లనే భయముండె నాకు, ఆ కవర్లు వాగుల కలిపేదాక" అంది.

తర్వాత గోడ దాటి లోపలికి దిగి, వంగి, వెనక్కి నడిచింది. పన్నెండు అడుగులు పడ్డాయి. చీపురు గోడకు ఆనించే ఉంది, ముట్టుకోలేదు.

యంత్రం ఇప్పుడు బూడిదలో వెనక్కి నడుస్తూ, మడమ తిప్పుతూ తవ్వుకుపోతోంది. వీడియో, రిపోర్టు గడువుకు ముందే వెళ్లాయి. ఫలితం ఇంకా రాలేదు. చిన్నక్క గది కిటికీలో, చెప్పుల పక్కన, ఒక బిస్కెట్ల డబ్బాలో మూడు కవర్లున్నాయి. అందులో నాది లేదని నాకు ఎందుకో దిగులుగా ఉంటుంది.

ఆమె మళ్లీ బూడిదలో నడిచిన మర్నాడు పొద్దున నేనే ఆమె గదికి పోయి తాళంచెవి ఇవ్వబోయాను. ఆమె చెయ్యి చాచలేదు. కోపంగా కూడా లేదు, మామూలుగానే చెప్పింది.

"నువ్వొచ్చినంకనే ఊడుస్తలే అక్కా. నువ్వు చూస్తుండంగ."

ఎంత బతిమాలినా తీసుకోలేదు. అందుకని ఇప్పుడు నేను రోజూ ఏడింటికే వచ్చి స్టోరు తెరుస్తున్నాను.